ఆ చిన్న డబ్బా మీద మనకెందుకంత చిన్నచూపు?

పోయిన నెల మా ఆఫీసులో "స్మార్ట్ ఫ్యాక్టరీ" మీద ఓ ప్రజెంటేషను పెట్టారు. మూడో స్లైడులో టెంపరేచర్ కంట్రోలరు ఫొటో వేసి, దాని మీద ఎర్రటి అక్షరాల్తో "లెగసీ" అని అడ్డంగా కొట్టేశారు. పక్కనే నిగనిగలాడే పిఎల్‌సి, దాని పైన మేఘం బొమ్మ, మేఘంలోంచి ఊడిపడుతున్న డాష్‌బోర్డు. హాల్లో అందరూ తలలూపారు. ఆ నలభై మందిలో ఒక్కరైనా జన్మలో ఓ హీటరు బ్యాండుని ముట్టుకున్నారా అంటే నాకు అనుమానమే. నేను ముట్టుకున్నాను, చెయ్యి కూడా కాల్చుకున్నాను. అంతకంటే పెద్ద వాతే ఒకటి పెట్టించుకున్నాను, అదీ మా బావగారి ఖర్చుతో. అంచేత ఈ విషయంలో నాలుగు మాటలనే హక్కు నాకుందని అనుకుంటున్నా.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. టెంపరేచర్ కంట్రోలరు అంటే ప్యానెల్ తలుపుకి బిగించే చిన్న డబ్బా. మొహం 48 మిల్లీమీటర్ల పొడవు, 48 వెడల్పు. పైన ఇప్పుడున్న వేడి, కింద మనక్కావలసిన వేడి, మూడో నాలుగో మీటలు. వెనకాల థర్మోకపుల్ తీగలు, హీటరుని ఆన్ ఆఫ్ చేసే రిలేకి వెళ్ళే తీగలు, కరెంటు తీగలు. లోపల ఓ మైక్రోకంట్రోలరు, అందులో పిఐడి లెక్క. అది చేసే పని ఒక్కటే: ఒక జోన్ వేడిని పట్టుకుని కూర్చోవడం.

పిఎల్‌సి పుట్టుక వేరు. కార్ల ఫ్యాక్టరీల్లో గోడల నిండా ఉండే రిలేల్ని పీకేసి, వాటి బదులు ప్రోగ్రాము రాసుకునే యంత్రం కావాలని 1968లో జనరల్ మోటార్స్ వాళ్ళ హైడ్రామాటిక్ విభాగం అడిగింది. డిక్ మోర్లీ బృందం చేసిన మోడికాన్ 084 అలా వచ్చింది. (వాళ్ళకది 84వ ప్రాజెక్టు కాబట్టి ఆ పేరు. పేర్లు పెట్టడంలో మనకన్నా బద్ధకస్తులు.) తలుపు మూసుందా, మోటారు తిరుగుతోందా, మూసుంటే తిప్పు, లేకపోతే ఆపు - దీనికోసం పుట్టిందది. వేడి పట్టుకోవడం తర్వాత నేర్చుకున్న విద్య. బాగానే నేర్చుకుంది. దానికి చేతకాదని నేననడం లేదు, నా పేచీ వేరే.

మా బావగారికి చర్లపల్లిలో పివిసి పైపుల యూనిట్ ఉంది. జంట స్క్రూల ఎక్స్‌ట్రూడరు, బ్యారెల్‌కి, అడాప్టరుకి, డైకి కలిపి పదకొండు జోన్లు. పదకొండు జోన్లకి పదకొండు డబ్బాలు. సైజు మారినప్పుడల్లా ఆపరేటరు కాగితం చూసుకుంటూ ఒక్కోదానికీ మీటలు నొక్కేవాడు. 2016లో ఓ ఆదివారం అక్కడికి వెళ్ళి ఆ తతంగం చూసి, నాలోని సాఫ్ట్‌వేరు ఇంజనీరు నిద్ర లేచాడు.

"బావగారూ, ఈ రోజుల్లో కూడా మనిషి కూర్చుని మీటలు నొక్కడమేంటండీ? ఒక పిఎల్‌సి, ఒక టచ్‌స్క్రీను. సైజు పేరు ముట్టుకుంటే పదకొండు విలువలూ అవే వెళ్ళి కూర్చుంటాయి. హిస్టరీ ఉంటుంది, గ్రాఫ్ ఉంటుంది, మీరు ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు."

"నాకేం తెలుసోయ్, చదువుకున్నవాడివి నువ్వు చెబితే సరే" అన్నారాయన. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఓ కంపెనీ వాళ్ళు వచ్చి డబ్బాలన్నీ పీకేసి, ప్యానెల్ తలుపు మీద మిగిలిన చతురస్రపు కన్నాల మీద రేకు కొట్టి, మధ్యలో టచ్‌స్క్రీను పెట్టారు. చూడ్డానికి విమానం కాక్‌పిట్‌లా ఉంది. నేను పక్కనుండి బోలెడు సలహాలిచ్చాను కూడా. "జోన్లన్నీ సరైన పరిధిలో ఉంటేనే మెయిన్ మోటారు తిరగాలి, అటూ ఇటూ పోతే ఆగిపోవాలి" అన్న ఇంటర్‌లాక్ నా సలహానే. చల్లారిన ప్లాస్టిక్ మీద స్క్రూ తిప్పితే స్క్రూ విరుగుతుంది, గేర్‌బాక్సు పోతుంది. కాబట్టి మంచి సలహాయే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మూడేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. అది దాచను.

2019 మే నెల. సాయంత్రం గాలివాన, ఉరుములు, కరెంటు రావడం పోవడం. రాత్రి పదకొండింటికి బావగారి ఫోను. లైను ఆగిపోయిందట. వెళ్ళి చూస్తే టచ్‌స్క్రీను మీద మూడు జోన్లు బానే ఉన్నాయి, మిగతా ఎనిమిదీ 3276.7 డిగ్రీలు చూపిస్తున్నాయి. ఇనుము మరిగేది 2860 డిగ్రీల దగ్గర. ఆ లెక్కన బ్యారెల్ ఎప్పుడో ఆవిరైపోయి ఉండాలి!

చదువుతున్న మీకు ఆ అంకె చూడగానే వెలిగే ఉంటుంది. 32767. పదహారు బిట్ల ఇంటిజరులో పట్టే ఆఖరి అంకె, పదో వంతు డిగ్రీల్లో. థర్మోకపుల్ మాడ్యూలు "నాకేం కనిపించడం లేదు మొర్రో" అని చెప్పే పద్ధతి అది. ఎనిమిది ఛానెళ్ళ మాడ్యూలు పిడుగు దెబ్బకి పోయింది. దాంతోపాటు ఎనిమిది జోన్లూ ఒక్కసారే పోయాయి. ప్రోగ్రాము దాన్ని నిజం వేడి అనుకుని హీటర్లు ఆపేసింది, అంతవరకూ మంచిదే. కానీ "జోన్లు పరిధి దాటాయి" అని మెయిన్ మోటారు కూడా ఆపేసింది. నా ఇంటర్‌లాక్!

అప్పటికింకా బ్యారెల్ వేడిగానే ఉంది. పివిసి మిగతా ప్లాస్టిక్కుల్లాంటిది కాదు. వేడిలో కదలకుండా ఎక్కువసేపు కూర్చుంటే మాడి, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వదుల్తుంది. ముక్కులు మండుతాయి, లోపల ఉక్కు తినేస్తుంది. నైట్ షిఫ్టు ఆపరేటరుకి ఇరవై ఏళ్ళ అనుభవం. వెంటనే స్క్రూ తిప్పి సరుకంతా బయటికి కక్కించెయ్యాలని ఆయనకి తెలుసు. మోటారు మీట నొక్కుతూనే ఉన్నాడు. మోటారు కదల్లేదు. ఓవర్‌రైడ్ తాళంచెవి పెట్టాలన్న ఆలోచన ఆ ప్రోగ్రాము రాసినవాడికి రాలేదు, నాకూ రాలేదు. కళ్ళెదుటే సరుకు సగం మాడి, మిగతా సగం గడ్డకట్టింది.

"సార్, గా డబ్బాలుంటే ఒక్కటి పోతె ఒక్కటే పోతుండె. ఇప్పుడు గీ అద్దం ఎన్క ఏమైతుందో ఎవలికెరుక?" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాతి నాలుగు రోజులు నా ఉద్యోగ జీవితంలోకెల్లా సిగ్గుపడ్డ రోజులు. అదే మాడ్యూలు కావాలంటే మూడు వారాలన్నారు. దాని కొత్త వెర్షను దొరుకుతోంది కానీ అది పెడితే హార్డ్‌వేరు కాన్ఫిగరేషన్ మార్చాలి, అంటే ప్రోగ్రాము తెరవాలి. ప్రోగ్రాముకి పాస్‌వర్డు. పాస్‌వర్డు ఆ కంపెనీ వాళ్ళ దగ్గర. ప్రోగ్రాము రాసిన కుర్రాడు ఉద్యోగం మారి బెంగుళూరు వెళ్ళిపోయాడు. వాళ్ళ దగ్గరున్న కాపీ "లేటెస్టు కాకపోవచ్చు". వచ్చి చూడాలంటే ముందు సర్వీసు కాంట్రాక్టు డబ్బు కట్టాలి. ఇన్నేళ్ళు జావా రాసిన నేను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ప్యానెల్ ముందు కూర్చున్నాను. ఆ బ్రాండు సాఫ్ట్‌వేరు లైసెన్సు లేదు, సోర్సు లేదు, కామెంట్లు లేవు. ఒక బైనరీ ముందు కూర్చుని దణ్ణం పెట్టుకోవడం తప్ప చేసేదేం లేదు. అవతల డై విప్పి, గట్టిపడ్డ పివిసిని ఉలితో చెక్కుతున్నారు.

నాలుగో రోజు బావగారు నాకు చెప్పకుండా రాణిగంజ్ వెళ్ళి ఎనిమిది డబ్బాలు కొనుక్కొచ్చారు. ఎనిమిదీ కలిపి ఆ మాడ్యూలు ధరలో సగం కూడా కాలేదు. ఆపరేటరు స్క్రూడ్రైవరు తెచ్చి రేకు విప్పాడు. పాత కన్నాలు అలాగే ఉన్నాయి. 45 మిల్లీమీటర్ల కన్నం, ఏ బ్రాండైనా అందులో కూర్చుంటుంది. మనం "స్టాండర్డ్ ఇంటర్‌ఫేస్" అని గంటలు గంటలు మీటింగులు పెట్టుకుంటామే, అది ఓ రేకు కన్నంలో ఎన్నాళ్ళనుంచో ఉంది. మోటారు స్టార్టు తీగని ఎలక్ట్రీషియను పిఎల్‌సి నుంచి తప్పించి, కొత్త డబ్బాల అలారం రిలేల్ని వరసగా కలిపి వాటిగుండా పంపాడు. అంటే ఇంటర్‌లాక్ మళ్ళీ వచ్చింది, ఈసారి తీగలో. ఏ జోన్ అడ్డుపడుతోందో డబ్బా మీద లైటు చూస్తే తెలుస్తుంది. అవసరమైతే దాటెయ్యడానికి ఓ తాళంచెవి. సాయంత్రానికి పైపు బయటికొచ్చింది.

ఇప్పుడు అసలు వాదనకొస్తా. "ఒక్క సంఘటన చూపించి సిద్ధాంతం చేస్తావా, స్పేరు మాడ్యూలు పెట్టుకుంటే అయిపోయేదిగా, సోర్సు ముందే తీసుకోవాల్సింది" అంటారు. నిజమే, తీసుకోవాల్సింది. ఆఖరి వాయిదా డబ్బు ఇచ్చే ముందే కామెంట్లతో సహా సోర్సు, పాస్‌వర్డు చేతికి రావాలి. రాకపోతే డబ్బు ఇవ్వకూడదు. మన కంపెనీలు క్లయింటుకి కోడ్ ఇవ్వకుండా పాస్‌వర్డు పెట్టి వెళ్ళిపోతే ఊరుకుంటారా? చర్లపల్లిలో, జీడిమెట్లలో ఎన్ని చిన్న యూనిట్లు ఇలా తమ యంత్రానికి తామే అద్దెకున్నట్టు బతుకుతున్నాయో వెళ్ళి అడగండి. కానీ ఆ జాగ్రత్తలన్నీ తీసుకున్నా నా ప్రశ్న మిగిలే ఉంటుంది: ఒక్కో హీటరు వేడిని పట్టుకునే పని పదకొండు చోట్ల విడివిడిగా జరిగిపోతుంటే, దాన్ని తెచ్చి ఒకే చోట ఎందుకు కుప్పపోశాం? మోనోలిత్ అంటే ముక్కు చిట్లించే మనం, ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే పదకొండు సర్వీసుల్ని కలిపి ఒక మోనోలిత్ చేసి దానికి "మోడర్నైజేషన్" అని ఎందుకు పేరు పెట్టాం?

"పిఐడి ఎంతసేపు, పది లైన్ల కోడు" అనేవాళ్ళకి ఒక మాట. పది లైన్లే. మిగతాదంతా ఆ పది లైన్ల బయటుంది. కె రకం థర్మోకపుల్ డిగ్రీకి 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. 180 డిగ్రీల దగ్గర మొత్తం కలిపి ఏడు మిల్లీవోల్టుల చిల్లర. పైగా అది చెప్పేది వేడి కాదు, రెండు కొసల మధ్య వేడి తేడా. తీగ వచ్చి కలిసే టెర్మినల్ దగ్గర ఎంత వేడుందో విడిగా కొలిచి కలపాలి. మే నెలలో ప్యానెల్ లోపల 50 డిగ్రీలు దాటుతుంది, కలపడం తేడా వస్తే అన్ని డిగ్రీలూ తప్పే. తీగ తెగితే గుర్తించాలి. తెగకుండా మధ్యలో ఎక్కడో చిట్లి ఒకదానికొకటి తగిలితే ఇంకా ప్రమాదం: తగిలిన చోట ఉన్న గది వేడినే బ్యారెల్ వేడి అనుకుని లెక్క హీటరుని నూరు శాతం తోసేస్తుంది. "ఇంతసేపు పూర్తి పవరిచ్చినా వేడి కదలడం లేదేంటి" అని అనుమానించి అలారం కొట్టే తెలివి చాలా కంట్రోలర్లలో మెనూలో ఓ అంకె పెడితే వచ్చేస్తుంది. ఇవన్నీ పిఎల్‌సిలోనూ చెయ్యొచ్చు. చెయ్యొచ్చు అన్నదానికీ చేశారు అన్నదానికీ మధ్య ఉన్న దూరం ఎంతో ఈ వృత్తిలో ఉన్న మీకు నేను చెప్పాలా?

ఇంకోటి. పిఐడిలో ఇంటిగ్రల్‌కీ డెరివేటివ్‌కీ ప్రాణం కాలవ్యవధి. ఖచ్చితమైన వ్యవధిలో నడిచే టైమర్ ఇంటరప్ట్‌లో పెట్టాల్సిన బ్లాకుని తీసుకెళ్ళి మామూలు స్కానులో పెట్టేస్తే, ప్రోగ్రాము పెరిగినకొద్దీ స్కాను సమయం మారుతుంది, ట్యూనింగు నెమ్మదిగా పాడవుతుంది, ఎవడికీ కారణం తెలీదు. ఇక ట్యూనింగు సంగతి. జీగ్లర్, నికల్స్ అనే ఇద్దరు 1942లో పద్ధతి చెప్పారు. 1984లో ఆస్ట్రోమ్, హెగ్లుండ్ రిలే పద్ధతి చెప్పాక అది ఒక మీటలోకి వచ్చేసింది. ఆటోట్యూన్ నొక్కితే హీటరుని రెండు మూడు సార్లు ఆన్ ఆఫ్ చేసి, వేడి ఎలా ఊగుతోందో చూసి, అంకెలు తనే వేసుకుంటుంది. పిఎల్‌సిల్లో కూడా ఉందనుకోండి, కానీ చాలా చోట్ల ఇంజనీరు వచ్చి లాప్‌టాప్ తగిలిస్తే ఉంది. హీటరు బ్యాండు మార్చింది రాత్రి రెండింటికైతే ఆ ఇంజనీరు ఎక్కడుంటాడు?

డబ్బాలేం దేవుళ్ళు కావు, వాటి పాపాలూ చెప్పాలి. దారిన పోయేవాడెవడైనా మీట నొక్కి విలువ మార్చెయ్యగలడు, లాకు పెట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు. బజారులో నకిలీవి కోకొల్లలు. పదకొండు విలువలు చేత్తో మార్చడంలో 175 బదులు 157 పడిన రోజులు మా బావగారి దగ్గర ఉన్నాయి. ఖాళీ బ్యారెల్ మీద ఆటోట్యూన్ చేసేసి, సరుకు పోశాక వేడి ఊగుతోందని డబ్బాని తిట్టేవాళ్ళనీ చూశాను. రికార్డు ఉండదు.

కానీ రికార్డు కోసమే అయితే కాస్త ఖరీదైన డబ్బాల్లో ఆర్‌ఎస్-485 పోర్టు ఉంటుంది. రెండు తీగలు, మోడ్‌బస్. అదీ మోడికాన్ వాళ్ళే 1979లో పెట్టిన ప్రోటోకాలు, ఇప్పటికీ నడుస్తోంది. టచ్‌స్క్రీను పెట్టుకోండి, సైజు పేరు ముట్టుకుంటే పదకొండు విలువలూ తీగ మీద వెళ్ళి డబ్బాల్లో కూర్చోనివ్వండి, గ్రాఫులు గీసుకోండి, మేఘంలోకి పంపండి. తేడా ఏంటంటే, ఆ తీగ తెగినా, స్క్రీను పగిలినా, పిఎల్‌సి చచ్చినా, చివరిసారి చెప్పిన విలువ దగ్గర ప్రతి డబ్బా తన జోన్‌ని తను పట్టుకునే ఉంటుంది. పైవాడు చెప్తాడు, కిందివాడు చేస్తాడు, పైవాడు పోయినా కిందివాడు చేస్తూనే ఉంటాడు.

మరి పిఎల్‌సి ఎక్కడ? బల్క్‌డ్రగ్ రియాక్టరు తీసుకోండి, మన హైదరాబాదు చుట్టూ బోలెడున్నాయి. జాకెట్‌లోకి ఓసారి ఆవిరి, ఓసారి కూలింగ్ నీళ్ళు, ఓసారి బ్రైన్. లోపలి వేడిని బట్టి జాకెట్ వేడి, ఫలానా మెట్టు దాటాక ఇంత నెమ్మదిగా ఎక్కించాలి, కదిపే మోటారు ఆగితే వెంటనే వేడి ఆపి చల్లబరచాలి. మందు అమెరికా పోవాలంటే ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అక్కడి ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన నియమాలు, ఎవరు ఏ విలువ ఎప్పుడు మార్చారో చరిత్ర. అక్కడ డబ్బాలు పెట్టాలని వాదించేవాడికి మతి లేదు. అరవై డెబ్భై జోన్లున్న చోటా అంతే. వేడి మిగతా పనులతో పెనవేసుకుపోయిన చోట పిఎల్‌సి. వేడి తన మానాన తను నిలబడాల్సిన చోట డబ్బా. మా ప్రజెంటేషనులో ఈ ప్రశ్నే ఎవరూ అడగలేదు, ఫొటో పాతదిగా ఉందని ఎర్రగీత కొట్టేశారు.

రెండు పక్షాలవాళ్ళూ మర్చిపోయేది ఇంకోటుంది, నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది అదే. హీటర్లని తిప్పే సాలిడ్ స్టేట్ రిలే పోయినప్పుడు చాలా వరకూ ఆన్‌లో ఉండిపోయి పోతుంది. అంటే పిఎల్‌సి "ఆపు" అన్నా, డబ్బా "ఆపు" అన్నా హీటరు వినదు, కాలుతూనే ఉంటుంది. దానికి మందు ఒక్కటే. విడిగా ఇంకో థర్మోకపుల్, విడిగా ఇంకో లిమిట్ కంట్రోలరు, ఫలానా వేడి దాటితే విడిగా ఒక కాంటాక్టరుని పడగొట్టి మొత్తం హీటర్ల కరెంటే పీకెయ్యాలి, మనిషి వచ్చి రీసెట్ నొక్కేదాకా మళ్ళీ ఇవ్వకూడదు. పారిశ్రామిక ఫర్నేసుల మీద అమెరికా వాళ్ళ ఎన్‌ఎఫ్‌పిఏ 86 ప్రమాణం కూడా వేడిని నడిపే కంట్రోలరునీ, దాని సెన్సారునీ ఈ పనికి వాడొద్దనే చెబుతుంది. దీనికి నెట్‌వర్కు ఉండకపోవడమే దాని గొప్ప. 2010లో స్టక్స్‌నెట్ బయటపడినప్పుడు లోకానికి తెలిసిందేంటి? పిఎల్‌సిలోకి దూరినవాడు యంత్రాన్ని ఒకలా తిప్పుతూ స్క్రీను మీద ఇంకోలా చూపించగలడని. తీగే లేని డబ్బాలోకి ఎవడు దూరతాడు?

ఏ పెట్టె గొప్పదన్న తగాదాలో పడి, కొలవాల్సిన చోట కొలుస్తున్నామా అన్నది కూడా వదిలేస్తాం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ప్రాణాలు తీసింది. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పిన లోపాల్లో ఒకటి, ట్యాంకు అడుగున తప్ప మధ్యలోనూ పైనా వేడి కొలిచే ఏర్పాటు లేకపోవడం. అడుగు చల్లగానే కనిపించింది, పైన సరుకు ఉడికిపోయింది. అక్కడ ఎంత ఖరీదైన పిఎల్‌సి ఉన్నా, ఎంత మంచి డబ్బా ఉన్నా దానికి చెప్పే దిక్కేది?

బావగారి ప్యానెల్ సంగతి చెప్పి ఆపేస్తా. ఆ పిఎల్‌సి ఇంకా అక్కడే ఉంది, కటింగు, హాల్‌ఆఫ్, లెక్కలు చూసుకుంటోంది, బాగా చూసుకుంటోంది. పదకొండు జోన్లకీ మళ్ళీ డబ్బాలొచ్చాయి, ఈసారి ఆర్‌ఎస్-485 ఉన్నవి. ఒక డబ్బా స్పేరు ఆపరేటరు సొరుగులో ఉంటుంది, పోయిన ఏడాది ఒకటి పోతే నాకు ఫోను కూడా రాలేదు. లిమిట్ కంట్రోలరు మాత్రం బావగారు ఇప్పటికీ పెట్టించలేదు. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ అవసరం రాలేదు కదోయ్" అంటున్నారు. ఒకసారి నా మాట విన్నందుకు ఏమైందో ఆయనకి బాగా గుర్తు, అంచేత గట్టిగా అడగడానికి నాకూ మొహం లేదు. బ్యారెల్‌కి రెండో థర్మోకపుల్ కన్నం ఎక్కడ కొట్టాలో ఆపరేటరుతో మాట్లాడి పెట్టుకున్నా. ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను.